మట్టి గవాహీ

మా సంగారెడ్డి జిల్లాలో ఇల్లు కట్టుకున్న చాలా ఖాందాన్‌లకు ఒక దరార్ కిస్సా ఉంటుంది. సదాశివపేట, జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు నల్లరేగడి మీద కట్టిన ఇళ్లకు వెళ్లి చూడండి. కిటికీ మూల నుంచి వంకరగా పైకి పాకిన పగులు ఒకటి కనబడుతుంది. మేస్త్రీ వచ్చి సిమెంటు కూరి పోతాడు. ఏడాది తిరిగేసరికి అది మళ్లీ తెరుచుకుంటుంది. మా ఆపా ఇల్లూ అంతే. పగులు కనబడగానే మేస్త్రీని అంటారు, సిమెంటును అంటారు, నజర్ తగిలిందంటారు. కింద ఉన్న మట్టిని మాత్రం ఎవరూ పిలిచి అడగరు.

పోయిన ఏడాది ఆ అడిగే పని మా ఇంటిమీదికే వచ్చింది. ఆపా బిడ్డ, అంటే నా భాంజీ, సివిల్‌లో ఎం.టెక్ చేసి హైదరాబాద్‌లో ఒక డిజైన్ దఫ్తర్‌లో నౌకరీకి చేరింది. ఆరు నెలల ప్రొబేషన్. దూల్హేభాయ్ తబియత్ ఖరాబై దుకాణం మూసేశాక ఇంటి ఖర్చు సగం ఆమె తన్‌ఖా మీదే నడుస్తోంది. దఫ్తర్‌లో ఆమెకు అప్పజెప్పిన మొదటి పెద్ద పని, పటాన్‌చెరు ఇండస్ట్రియల్ బెల్ట్‌లో ఒక గోడౌన్‌కు రిటైనింగ్ వాల్. వాలుగా ఉన్న ప్లాట్‌ను చదును చేయడానికి ఒక పక్క 5 మీటర్ల ఎత్తున గోడ కట్టాలి. దాని వెనక మట్టి నింపి, ఆ మట్టి మీద లారీలు తిరిగే ఫ్లోర్ వేయాలి. గోడకు కింది పక్కన, నాలుగైదు గజాల దూరంలో రేకుల కమ్రాలున్నాయి. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు బాల్‌బచ్చాలతో వాటిలో ఉంటారు.

గోడ నిలబడుతుందా లేదా అనేది ముందుగా కంప్యూటర్‌లో చూస్తారు. దానికి ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. జమీన్‌ను, గోడను కలిపి వేల చిన్న చిన్న త్రికోణాలుగా కోసేస్తుంది. ఒక్కో ముక్క మీద ఎంత దబావ్ పడుతుంది, అది ఎంత జరుగుతుంది, పక్క ముక్కను ఎంత నెడుతుంది అని హిసాబ్ చేసి, అన్నింటినీ కలిపి ఒక తస్వీర్ చూపిస్తుంది. అయితే ఆ హిసాబ్ మొదలు కావాలంటే ముందు ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. మెటీరియల్ ప్రాపర్టీస్ అని ఉంటుంది. అందులో ఖానాలు. ఖానాలు నింపందే అడుగు ముందుకు పడనివ్వదు.

ఒక ఆదివారం ఆమె లాప్‌టాప్ నా ముందు పెట్టింది. ఇంట్లో మేం మాట్లాడేది దక్కనీ ఉర్దూ. ఆ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. "మామూ, ఈ ఖానాల్ల పెట్టే నంబర్లు సార్ వాట్సాప్‌ల పంపిండు. పెట్టి రన్ చేయమన్నడు. కానీ ఈ నంబర్లు ఏ మట్టివో అడిగితే ఎవ్వరూ చెప్తలేరు." చివర్న ఒక్క మాట మాత్రం ఉన్నదున్నట్టు రాయాలి. "మామూ, ఇస్ మిట్టీ కీ గవాహీ కౌన్ దేతా?" ఈ మట్టి తరఫున సాక్ష్యం ఎవరిస్తారు, అని.

నేను అఖ్బార్ మనిషిని. ఇరవై ఏళ్లుగా తింటున్న రొట్టె ఆ సవాల్‌దే. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? కళ్లతో చూశారా, చెవులతో విన్నారా? సోర్స్ లేని మాట మా పేషాలో ఖబర్ కాదు, అఫ్వా. సివిల్ ఇంజినీరింగ్ నాకు రాదు. నేను చదివింది తెలుగు డిగ్రీ. కానీ ఆ సవాల్ వినగానే ఇది నాకు తెలిసిన ఇలాకాయే అనిపించింది. అప్పటి నుంచి కొన్ని నెలలు ఆమెను విసిగించి, కొన్ని కితాబులు తిరగేసి, నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

స్కూల్లో మాది ఉర్దూ మీడియం. 1917లో నిజాం సర్కార్ దారుల్ తర్జుమా పెట్టి, ఆ మరుసటి ఏడు ఉస్మానియా యూనివర్సిటీ తెరిచి, పై చదువుల సైన్స్ అంతా ఉర్దూలో చెప్పించింది. ఆ విరాసత్‌లోని కొన్ని మాటలు మా దాకా వచ్చాయి. ఎలాస్టిసిటీకి మా మాట లచక్. ఫ్రిక్షన్‌కు రగడ్. కోణానికి జావియా. రబ్బరును లాగి వదిలితే మునుపటి షకల్‌కు వచ్చేస్తుంది, అది లచక్. తడి మట్టి ముద్దను బొటనవేలితో నొక్కి వదిలితే వేలి ముద్ర అలాగే ఉండిపోతుంది. ఆ ఉండిపోవడమే ఇంజినీర్లు చెప్పే ప్లాస్టిసిటీ.

ప్రతి పదార్థానికీ ఒక హద్ ఉంటుంది. ఆ హద్ లోపల అది లచక్‌తో ఉంటుంది, నొక్కినా లేచి వస్తుంది. హద్ దాటిందా, ఇక వాపస్ లేదు. ఈ హద్‌ను ఈల్డ్ అంటారు. ఉక్కు సంగతైతే ఆసాన్. ఫ్యాక్టరీలో వండిన ఉక్కు హద్ ఎంతో ఫ్యాక్టరీయే కాగితం మీద రాసిస్తుంది. మట్టికి అట్లాంటి కాగితం లేదు. పైగా దాని హద్ ఒక్కచోట నిలవదు. నాలుగు పక్కల నుంచి నొక్కి పెడితే బలం పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. ఇసుకను పిడికిట్లో బిగిస్తే గట్టిగా ఉండి, పిడికిలి విప్పగానే జారిపోయినట్టు.

ఈ సంగతిని మొదట హిసాబ్‌లో పెట్టినవాడు కూలంబ్. ఫ్రెంచ్ ఫౌజీ ఇంజినీర్. కరీబియన్ సముద్రంలో మార్టినిక్ అనే దీవిలో ఏళ్ల తరబడి ఖిలా కట్టించి, ఆ తజుర్బాతో 1773లో పారిస్ అకాడమీ ముందు ఒక పత్రం చదివాడు. అందులో రిటైనింగ్ గోడల మీద మట్టి ఎంత దబావ్ వేస్తుందో చెప్పాడు. ఆయన ప్రకారం మట్టి బలం రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే జిగి, కోహిజన్. రెండోది, కణాల మధ్య రగడ్. బరువు పెరిగితే రగడ్ కూడా పెరుగుతుంది, ఎంత చొప్పున పెరుగుతుందో చెప్పే జావియా పేరు ఫ్రిక్షన్ యాంగిల్. తర్వాత జర్మన్ ఇంజినీర్ మోర్ దీన్ని సాఫ్ చేశాడు. రెండు వందల యాభై ఏళ్ల తర్వాత కూడా మా బేటా లాప్‌టాప్‌లో తెరుచుకున్న కిటికీ పేరు మోర్-కూలంబ్.

ఆ కిటికీలో ఐదు ఖానాలు. మొదటి రెండూ లచక్ సంగతి చెబుతాయి. మట్టి ఎంత బిరుసు, ఒక పక్క నొక్కితే ఇంకో పక్క ఎంత ఉబ్బుతుంది. తర్వాతి మూడూ హద్ దాటాక సంగతి చెబుతాయి. కోహిజన్ ఎంత, ఫ్రిక్షన్ జావియా ఎంత, ఇంక డైలేషన్ జావియా ఎంత. ఈ చివరిది కొంచెం అజీబ్. గట్టిగా కూరుకున్న ఇసుక తెగి జారేటప్పుడు గింజలు ఒకదాని మీదికొకటి ఎక్కి, మట్టి మొత్తంగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బే తీరు ఈ ఖానాలో పెట్టాలి. బంకమట్టికి మామూలుగా ఇక్కడ సున్నా పెడతారు. ఫ్రిక్షన్ జావియా ఎంతో ఇదీ అంతే అని పెట్టేస్తే, సాఫ్ట్‌వేర్‌లో మట్టి ఉన్నదానికంటే ఎక్కువ ఉబ్బి, గోడల మధ్య బిగుసుకుని, లేని తాకత్ చూపిస్తుంది.

ఇంకో గమ్మత్తు. అబాకస్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు యూనిట్లంటూ ఉండవు. 25 అని పెడితే అది పాస్కల్సా, కిలోపాస్కల్సా, మెగాపాస్కల్సా అని అడగదు. పెట్టిన మనిషికే యాద్ ఉండాలి. కిలో బదులు మెగా అనుకున్నాడా, మెత్తటి బంకమట్టి వెయ్యి రెట్లు గట్టిపడి కాంక్రీటుకు సాటి వస్తుంది. అప్పుడు కూడా సాఫ్ట్‌వేర్ కిమ్మనదు. రంగురంగుల తస్వీర్ వేసి ఇస్తుంది.

దఫ్తర్‌లో ఒక సీనియర్ ఆమెతో అన్నాడట. "అది హై ప్లాస్టిసిటీ మట్టి అని పాత రిపోర్టుల ఉంది కదా, ఆ ప్లాస్టిసిటీ నంబరే పెట్టేయ్." వినడానికి సబబుగానే ఉంది. కానీ ఇక్కడ ఒక్క లఫ్జ్‌కు రెండు మానీలు. రిపోర్టులో ఉన్న ప్లాస్టిసిటీ ఇండెక్స్ వేరే ఖాందాన్‌ది. దానికి మూలపురుషుడు అటర్‌బర్గ్ అనే స్వీడన్ కెమిస్టు, 1911 నాటి మాట. మట్టిలో నీళ్లు ఎంతుంటే అది జావలా పారుతుంది, ఎంతకు తగ్గితే పిసకడానికి రాకుండా విరుగుతుంది అని ఆయన చూశాడు. ఇప్పటికీ మన ల్యాబుల్లో అదే పరీక్ష. ఇత్తడి గిన్నెలో తడి మట్టి పరిచి, మధ్యన గాడి తీసి, గిన్నెను సెంటీమీటరు ఎత్తు నుంచి టకటకా కొడతారు. 25 దెబ్బలకు గాడి మూసుకునే తడి లిక్విడ్ లిమిట్. మట్టిని అరచేత్తో దారంలా పేనితే 3 మిల్లీమీటర్ల మందానికి రాగానే చిట్లిపోయే తడి ప్లాస్టిక్ లిమిట్. రెంటి మధ్య తేడాయే ప్లాస్టిసిటీ ఇండెక్స్. లిక్విడ్ లిమిట్ 50 దాటితే మన దేశపు కోడ్ దాన్ని హై ప్లాస్టిసిటీ అంటుంది. మన నల్లరేగడి చాలాసార్లు ఆ గీత దాటుతుంది.

కుమ్మరి కుండ చేసేముందు మట్టిని పిసికి చూసుకునే పరీక్షకు ఇది చుట్టం. మట్టి ఏ కౌమ్‌దో, ఎంత మొండిదో చెబుతుంది. గోడ వెనక అది ఎంత దబావ్‌కు తెగుతుందో చెప్పదు. ఆ గవాహీ కావాలంటే సైటు నుంచి చెదరని ముద్ద తీసి, డబ్బాలో పెట్టి కోసి చూసే షియర్ పరీక్షో, నీటి ఒత్తిడిలో నొక్కి చూసే ట్రయాక్సియల్ పరీక్షో చేయాలి. బంకమట్టి లోపల నీళ్లు నిదానంగా జరుగుతాయి కనుక పరీక్ష కూడా నిదానంగా చేయాలి, ఒక్కోసారి రోజులు పడుతుంది. పైసలూ ఖర్చవుతాయి. అందుకే అందరికీ పాత రిపోర్టు మీద అంత ముహబ్బత్.

సార్ పంపిన నంబర్లు ఎక్కడివో బేటా చివరికి వెతికి పట్టుకుంది. పటాన్‌చెరు ఇలాకాలోనే అదే దఫ్తర్ మునుపెప్పుడో చేసిన ఇంకో పని తాలూకు రిపోర్టు. మట్టి తీసిన నెల మార్చి. తడపకుండా పరీక్ష చేశారు. జాగా ఎర్రమట్టిది.

పటాన్‌చెరు పటాన్‌చెరే కదా, తేడా ఏముంది అంటారా? ఇక్రిశాట్ సంగతి చూడండి. 1972లో మెట్ట పంటల పరిశోధన కోసం ఈ అంతర్జాతీయ ఇదారా పటాన్‌చెరు దగ్గర పెట్టారు. ఈ జాగాలో ఒకే కాంపౌండ్ లోపల ఎర్రనేలా నల్లనేలా రెండూ ఉన్నాయి. అక్కడి ఎర్రనేలకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు పటాన్‌చెరు సిరీస్, నల్లనేలకు పెట్టిన పేరు కాసిరెడ్డిపల్లి సిరీస్. ఒకే గేటు, ఒకే వాన, ఒకే ఎండ. ఎర్రనేల వాన నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచుకోలేదు. నల్లనేలలో దాదాపు సగం బంకే. వాన పడితే అడుగు పెట్టనివ్వదు, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. జిల్లాకు తూర్పున గ్రానైట్ రాయి, పడమట జహీరాబాద్ వైపు దక్కన్ బసాల్ట్. ఈ రెంటి మధ్య బతుకుతున్న మనం పటాన్‌చెరు మట్టి అని ఒక్క నంబరు చెప్పడం ఎట్లా కుదురుతుంది?

నల్లరేగడిలో ఉండే బంక ఖనిజం పేరు మాంట్‌మోరిలోనైట్. అది పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా ఉంటుంది. పేజీల మధ్యకు నీళ్లు దూరితే పుస్తకం ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మేం చూడ్డానికి పోయిన రోజు సైటు దగ్గర ఒక ముసలి మేస్త్రీ అన్న మాట ఏ కితాబులోనూ దొరకలేదు నాకు. "ఎండకాలం ఇది రాయి సాబ్, వానకాలం జావ. మీరు ఏ కాలం లెక్క రాస్తున్నరు?" మార్చిలో తీసిన ముద్ద రాయి గవాహీ ఇస్తుంది. గోడ మీద పడబోయేది ఆగస్టు మట్టి.

పైగా మోర్-కూలంబ్ కిటికీలో ఉబ్బు అనే ఖానాయే లేదు. మట్టి హద్ దాటి జారుతుందా అని మాత్రమే అది చూస్తుంది, తడిసి ఉబ్బి గోడను నెట్టడం దాని హిసాబ్‌లోకి రాదు. ఆ దబావ్‌ను వేరేగా పరీక్ష చేసి, వేరేగా కలపాలి. ఖానా లేదు కనుక ఖతరా లేదనుకుంటే మాత్రం మా ఆపా ఇంటి గోడను వచ్చి చూడాల్సిందే.

ఇంకా గొప్ప సంగతి, మట్టికి యాద్‌దాష్త్ ఉంటుంది. తన జిందగీలో మోసిన అన్నింటికంటే పెద్ద బరువు ఎంతో బంకమట్టి మరిచిపోదు. ఆ బరువుకు లోపల ఎంత వేసినా కొద్దిగానే కుంగుతుంది. అది దాటగానే ఒక్కసారిగా ఎక్కువ కుంగడం మొదలవుతుంది. ఎండలో బాగా ఎండడం కూడా దాని యాద్‌లో ఒక బరువు మోసినట్టే నమోదవుతుంది. ఈ యాద్‌ను లెక్కలోకి తెచ్చే మోడల్‌ను 1960లలో కేంబ్రిడ్జ్‌లో రాస్కో, షోఫీల్డ్ తదితరులు తయారు చేశారు. పక్కన పారే కామ్ నది పేరు మీద దానికి కామ్-క్లే అని పేరు. దాని ఖానాలు వేరు, దానికి కావలసిన పరీక్షలు వేరు. ఏ మోడల్ తీసుకోవాలన్నది కూడా ఒక జవాబ్‌దారీయే. మెనూలో మొదట కనబడిందని ఎంచుకునేది కాదు.

ఇదంతా బారీకీ, పండితుల బహస్ అనుకునేవాళ్లకు సింగపూర్ కిస్సా చెబుతాను. 2004 ఏప్రిల్ 20న అక్కడి నికోల్ హైవే పక్కన మెట్రో సర్కిల్ లైన్ కోసం తవ్విన గుంత కూలిపోయింది. దాదాపు 30 మీటర్ల లోతు. పక్కన ఉన్న హైవే కూడా కుంగిపోయింది. నలుగురు మరణించారు. సర్కార్ వేసిన ఇంక్వైరీ కమిటీ కారణాలు తవ్వింది. ఉక్కు దూలాల జోడింపులు కమ్‌జోర్‌గా ఉన్నాయన్నది ఒకటి. ఇంకోటి మన సంగతే. అక్కడి మెత్తటి సముద్రపు బంకకు కంప్యూటర్ మోడల్‌లో మోర్-కూలంబ్ ఖానాలు నింపిన తరీఖా ఆ మట్టికి సరిపోనిది. నీళ్లు బయటికి పోయే టైం లేని బంకకు, ఆ తరీఖా లేని బలాన్ని ఇచ్చింది. గోడ ఎంత వంగుతుందో తక్కువ చేసి చూపింది. కట్టినవాళ్లు చిన్న కంపెనీలవాళ్లు కాదు, సాఫ్ట్‌వేర్ నకిలీది కాదు. అది అడిగింది వాళ్లు పెట్టారు, పెట్టింది అది లెక్కేసింది.

ఇక మన పటాన్‌చెరు గోడ. సార్ నంబర్లలో కోహిజన్ 25 కిలోపాస్కల్స్. ఒక మోటు లెక్క ఉంది, మీరూ చేసి చూడొచ్చు. రగడ్‌ను పక్కన పెట్టి, కోహిజన్‌ను నాలుగుతో గుణించి, మట్టి బరువుతో భాగిస్తే, ఆ మట్టి ఏ గోడా లేకుండా ఎంత ఎత్తున నిటారుగా నిలబడగలదో వస్తుంది. ఘనమీటరు మట్టి 18 కిలోన్యూటన్లు అనుకుంటే, 25 కోహిజన్‌కు వచ్చేది 5.5 మీటర్లు. అంటే మన 5 మీటర్ల మట్టి తన కాళ్ల మీద తానే నిలబడుతుంది, గోడ ఒట్టి పర్దా. కోహిజన్ తడిసి 10కి దిగితే? 2.2 మీటర్లు. మిగతా దబావ్ అంతా గోడదే. వెనక నీళ్లు కూడా నిలిచాయంటే ఆ 5 మీటర్ల నీళ్లే గోడ అడుగున చదరపు మీటరుకు దాదాపు 5 టన్నుల దబావ్ వేస్తాయి.

బేటా రెండు హిసాబ్‌లూ చేసింది. సార్ నంబర్లతో ఒకటి, తడిసిన నల్లరేగడికి ఉండగల నంబర్లతో ఒకటి. సాఫ్ట్‌వేర్‌లో ఒక పద్ధతి ఉంటుంది, మట్టి బలాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోయి ఎక్కడ కూలుతుందో చూడడం. హద్ దాటిన చోటల్లా ఎర్ర చుక్క పడుతుంది. మొదటి తస్వీర్‌లో అక్కడక్కడా నాలుగు చుక్కలు. రెండో దాంట్లో గోడ అడుగు నుంచి మొదలై వెనక మట్టి పైదాకా ఎర్ర చుక్కలు ఒక వంపు గీతగా కలిసిపోయాయి. గీత కలిసిందంటే ఆ మేరకు మట్టి జారిపోయినట్టే. రేకుల కమ్రాలు ఆ తస్వీర్‌లో లేవు. వాటికి మోడల్‌లో త్రికోణాలు కేటాయించరు కదా.

రెండూ తీసుకుపోయి సార్‌కు చూపించింది. "రెండోది నీ ఖయాల్, మొదటిది రిపోర్టు" అన్నాడట. అదీ నిజమే. ఆమె పెట్టిన నంబర్లకూ ఈ సైటు గవాహీ లేదు. "ఇంతకుముందు ఇట్లనే చేసినం, ఏ గోడా పడలే" అని కూడా అన్నాడు. ఆ రాత్రి ఫోన్‌లో ఏడ్చింది. నౌకరీ పోతే ఇంటి కిస్తులు ఎవరు కడతారన్నది ఒక భయం. సంతకం చేస్తే ఆ కమ్రాల పిల్లలు కళ్లల్లో తిరుగుతారన్నది ఇంకో భయం. అమ్మీ ఫోన్ తీసుకుని, "చదువు చెప్పించింది నువ్వు గుంగీ లెక్క ఉండనీకి కాదు బేటా" అంది. ఆపా ఏమీ అనలేదు. ఆమెకు కిస్తు తారీఖు తెలుసు.

ఆమె కొట్లాడలేదు, రాజీనామా కాగితం విసరలేదు. రిపోర్టులో నంబర్ల పట్టిక కింద ఒక వాక్యం రాసింది. ఈ విలువలు వేరే స్థలం మట్టివి, ఎండాకాలంలో తడపకుండా తీసినవి, ఈ స్థలం మట్టిని పరీక్షించలేదు, వానాకాలపు స్థితికి ఇవి వర్తిస్తాయని చెప్పలేం. అంతే. నా పేషాలో దీన్ని సోర్స్ చెప్పడం అంటారు. ఆ వాక్యం తీసేయమన్నారు. తీసేస్తే తయారుచేసిన మనిషిగా తన పేరు కూడా తీసేయండి అంది. రెండు వారాలు దఫ్తర్‌లో ఆమెతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఆరు నెలల ప్రొబేషన్ తొమ్మిదయింది.

చివరికి ఆ వాక్యం చదివింది గోడౌన్ కట్టిస్తున్న వాళ్ల మనిషి. ఖర్చు పెట్టేవాడు కదా, "ఇదేంది?" అని అడిగాడు. అడిగాక ఇక దాచడం కుదరలేదు. గుంతలు తవ్వారు. పైన రెండడుగుల మొరం, దాని కింద నల్లరేగడి. తడిపి చేసిన పరీక్షలో కోహిజన్ సార్ నంబర్‌లో సగానికి కూడా రాలేదు. గోడ వెనక తవ్విన మట్టే నింపుదామన్న మాట పోయి మొరం, కంకర వచ్చాయి. నీళ్లు పోవడానికి గోడలో రంధ్రాలు, వెనక కంకర పొర వచ్చాయి. గోడ అడుగు వెడల్పయింది. ఖర్చు పెరిగింది. కమ్రాలు మాత్రం అక్కడే ఉన్నాయి. వాటిని జరపాలని ఏ లెక్కలోనూ రాలేదు, బేటా రాసిన వాక్యంలో కూడా లేదు. ఆ సంగతి ఆమెను ఇంకా కుదురుగా ఉండనివ్వడం లేదు, నన్నూ.

గోడ కూలిన ఖబర్లు నేనూ చాలా రాశాను. సింగిల్ కాలమ్, నాలుగు వాక్యాలు. వానకు నానిన గోడ కూలి కూలీల మృతి. ఆ వాక్యంలో ముజ్రిమ్ వాన. వాన వస్తుందని అందరికీ తెలుసు, ప్రతి ఏడూ వస్తుంది. ఖానాలో నంబరు పెట్టినవాళ్లు మాత్రం ఆ నాలుగు వాక్యాల్లో ఎక్కడా కనబడరు. ఇప్పుడు అట్లాంటి ఖబర్ వస్తే నేను అడిగే సవాళ్లు మారాయి. మట్టి పరీక్ష కాగితం ఉందా? ఏ జాగాది? ఏ నెలది?

మీలో ఇల్లు కడుతున్నవాళ్లుంటే, సాఫ్ట్‌వేర్ గొడవ మీకక్కర్లేదు. మూడు మాటలు అడిగితే చాలు. ఈ మట్టి నా ప్లాట్ నుంచే తీశారా, ఎంత లోతులో? ఏ కాలంలో తీశారు? తడిపి చూశారా? నల్లనేలైతే ఫ్రీ స్వెల్ అనే చిన్న పరీక్ష అడగండి. 10 గ్రాముల మట్టి పొడి నీళ్ల జాడీలో ఒకటి, కిరోసిన్ జాడీలో ఒకటి వేసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో అది ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. రెంటి తేడాయే దాని మిజాజ్. నేల ఉబ్బేదని తేలితే దారులున్నాయి. రూర్కీలోని సి.బి.ఆర్.ఐ. ఏనాడో చెప్పిన అండర్-రీమ్డ్ పైల్స్ ఉన్నాయి, అడుగున బల్బులా ఉబ్బి, ఎండావానా మార్పు అందని లోతులో కాలూనే స్తంభాలు. ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ కట్టి చూపిన దారి ఉంది, ఉబ్బే మట్టి మీద దాదాపు మీటరు మందాన ఉబ్బని జిగటమట్టి పరిచి దాన్ని అణచి ఉంచడం. ఇవేవీ కొత్తవి కావు, రహస్యాలు కావు. అడిగితే చెప్పేవాళ్లు ఉన్నారు. మన కంది దగ్గరే ఐఐటీ ఉంది.

ఇంజినీరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఆ కాగితం చేతికొచ్చేదాకా బునియాద్ తవ్వనివ్వకండి.